గట్టు మీదకు రాకుండానే రొయ్యల చదువు

భీమవరం దగ్గరి ఒక పల్లె నుంచి ఒక తండ్రి రాశారు. ఐదెకరాల్లో వనామి రకం రొయ్యల సాగు. అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో ఏడాది. ఎంబీబీఎస్ సీటు రావడం కష్టమని కాలేజీలో చెప్పేశారట. అమ్మాయి బి.ఎఫ్.ఎస్సీ, అంటే మత్స్యశాస్త్రం డిగ్రీ, చదువుతానంటోంది. ఆయన ప్రశ్న ఇది: "రాత్రిళ్లు చెరువు నీళ్లకు గాలి కలిపే ఏరేటర్ల దగ్గర నేను పడ్డ టెన్షన్ చాలండి. చేపల చదువు చదివి మళ్లీ చెరువు గట్టు మీదకే వస్తే నాలుగేళ్ల ఖర్చు ఎందుకు? దీనికి బదులు నర్సింగో ఫార్మసీయో నయం కాదా?"

మీ భయాన్ని నేను తీసిపారేయను. కరెంటు పోయిన రాత్రి జనరేటర్ స్టార్ట్ కాకపోతే ఏమవుతుందో మీకు తెలిసినంతగా నాకు తెలియదు. అయితే అమ్మాయి అడుగుతున్న చదువూ, మీరు చేస్తున్న పనీ ఒకటి కాదు. అది చెప్పడానికి ముందు ఒక లెక్క చూపిస్తాను.

2022-23లో మన దేశం 17.35 లక్షల టన్నుల చేపలు, రొయ్యలు, ఇతర సముద్ర ఉత్పత్తులు ఎగుమతి చేసింది. వచ్చిన డబ్బు 63,969 కోట్ల రూపాయలు. మరుసటి ఏడాది 17.81 లక్షల టన్నులు పంపాం, వచ్చింది 60,524 కోట్లు. 46 వేల టన్నులు ఎక్కువ పంపి, దాదాపు 3,400 కోట్లు తక్కువ తెచ్చుకున్నాం. ఆ రోజుల్లో 100 కౌంట్ (కిలోకు వంద తూగే రొయ్య) రేటు ఎలా పడిందో మీకు నేను చెప్పాలా? ఈక్వెడార్ రొయ్య మార్కెట్‌ను నింపేసింది, మనం అమ్మేది ఎక్కువగా తల తీసి, పొట్టు తీసి గడ్డకట్టించిన పచ్చి సరుకు. ఎవరు చవగ్గా ఇస్తే వాళ్ల దగ్గర కొంటారు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు ఆ దెబ్బ నేరుగా మీ గట్టు దాకా వచ్చింది.

పంట తీయడంలో గోదావరి రైతు ఎవరికీ తీసిపోడు. పండించినదానికి విలువ పెంచే వాళ్లే మనకు తక్కువ. మీ అమ్మాయి ఆ తక్కువ ఉన్న చోటికి వెళ్లగలదని నా నమ్మకం.

ఒక్కసారి మీ చెరువులో వదిలే రొయ్య పిల్ల దగ్గర మొదలుపెడదాం. దాని తల్లి ఎక్కడిది? వనామి మన తీరపు రొయ్య కాదు, పసిఫిక్ అవతలి తీరానిది. 2009లో దాని సాగుకు అనుమతి ఇచ్చారు. ఇప్పటికీ తల్లి రొయ్యలు ఎక్కువగా అమెరికా నుంచి విమానంలో వస్తాయి. చెన్నై నీలాంకరైలోని క్వారంటైన్ కేంద్రంలో పరీక్షలు అయ్యాకే పిల్లలను పుట్టించే హేచరీలకు చేరతాయి. పెరుగుదల ఎంత ఉండాలి, ఏ రోగాన్ని తట్టుకోవాలి అని తరతరానికీ ఎంపిక చేసేది అక్కడి కంపెనీలు. మనం డబ్బు కట్టి తెచ్చుకుంటాం. మీ చెరువులో ఉప్పు ఎంతో, ఎండ ఎంతో వాళ్లకు పట్టదు.

ఆ పని మనవాళ్లు చేయలేరా అంటే, శీలావతి (రోహు) చేపలో చేసి చూపించారు. భువనేశ్వర్ దగ్గరి కౌసల్యాగంగలో ఉన్న కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ 1992లో నార్వే శాస్త్రవేత్తలతో కలిసి శీలావతి మీద ఎంపిక పని మొదలుపెట్టింది. ఒక్కో తరానికి పెరుగుదల సగటున 17 శాతం దాకా మెరుగైంది. స్వాతంత్ర్య స్వర్ణోత్సవాల ఏడాది విడుదల చేశారు కాబట్టి దానికి జయంతి రోహు అని పేరు పెట్టారు. అదే మేతకు, అదే నీటిలో, చేప త్వరగా ఎదిగింది. రొయ్యలోనూ ఇలాంటి పనికి ఇప్పుడు మనుషులు కావాలి.

ఇంకో సంగతి నా కళ్లతో చూసింది. కొన్నేళ్ల కిందట ఎం.ఎఫ్.ఎస్సీ (బి.ఎఫ్.ఎస్సీ తర్వాతి పీజీ) చదువుతున్న ఒక అమ్మాయితో కలిసి ఒక ప్రాసెసింగ్ ప్లాంట్ చూశాను. గంబూట్లు వేసుకుని, చేతులు మందు నీళ్లలో ముంచి లోపలికి వెళ్లాం. చలి. స్టీలు బల్లల ముందు వరసగా నిలబడి ఆడవాళ్లు ఐసు నీళ్లలోంచి రొయ్య తీయడం, తల తుంచడం, పొట్టు లాగడం. నా చూపంతా బల్ల మీది తెల్లటి సరుకు మీదే ఉంది. ఆ అమ్మాయి మాత్రం బల్ల కింద ఉన్న డబ్బా చూస్తోంది. తలలు, పెంకులు నిండి పొర్లిపోతున్నాయి. "సార్, కిలోలో నాలుగు వందల గ్రాముల పైనే ఈ డబ్బాలోకి పోతుంది. దీన్ని ఎండబెట్టి మేతకు అమ్మితే వచ్చేదెంత? కైటోసాన్ తీస్తే వచ్చేదెంత?" అంది.

రొయ్య పెంకును ఆమ్లంతో కడిగితే సున్నం పోతుంది, క్షారంతో కడిగితే మాంసకృత్తు పోతుంది. మిగిలేది కైటిన్. దాన్ని ఇంకా గాఢమైన క్షారంలో ఉడికిస్తే కైటోసాన్. నీటి శుద్ధికి, పంటలకు వాడతారు. రక్తం కారడాన్ని ఆపే గుణం ఉంది కాబట్టి అమెరికా సైనికుల గాయాల కట్లలోనూ వాడారు. కొచ్చిలోని సిఫ్ట్, అంటే కేంద్ర మత్స్య సాంకేతిక పరిశోధన సంస్థ, ఈ పద్ధతుల మీద చాలా ఏళ్లుగా పని చేస్తోంది. దానికి విశాఖలోనూ కేంద్రం ఉంది.

ఐస్‌లాండ్‌లో ఇంకా ముందుకు వెళ్లారు. కాడ్ చేప చర్మాన్ని శుద్ధి చేసి, మానని గాయాల మీద అతికించే కెరెసిస్ అనే కంపెనీని ఒక చిన్న రేవు ఊళ్లో పెట్టారు. 2023లో ఒక డెన్మార్క్ వైద్య సంస్థ దాన్ని 130 కోట్ల డాలర్ల దాకా ఇచ్చి కొనుక్కుంది. ఒకప్పుడు పారేసిన చర్మం అది. డాక్టర్ కాలేకపోయిందని బాధపడుతున్నారు కదా, గాయం మాన్పే పని చేపల చదువులోనూ ఉందండి.

ఇక చదువు సంగతి. బి.ఎఫ్.ఎస్సీ నాలుగేళ్లు. మన దగ్గర ఈఏపీసెట్ బైపీసీ ర్యాంకుతో సీటు వస్తుంది, నెల్లూరు జిల్లా ముత్తుకూరు కాలేజీ పాతది, పేరున్నది. బయటి రాష్ట్రాల సీట్ల కోసం సీయూఈటీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష కూడా రాయించండి. ఒక్క జాగ్రత్త: మూడేళ్ల బి.ఎస్సీ ఆక్వాకల్చర్, బి.ఎఫ్.ఎస్సీ ఒకటే అని చెప్పే కాలేజీలను నమ్మకండి. ఎం.ఎఫ్.ఎస్సీకి సాధారణంగా నాలుగేళ్ల డిగ్రీనే అడుగుతారు. ప్రైవేటు కాలేజీ అయితే ఐకార్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) గుర్తింపు ఉందో లేదో మీరే చూసుకోండి.

డిగ్రీతో ఆగిపోతే మీరన్నదే జరగొచ్చు, దాచను. టెక్నీషియన్ అని పేరు పెట్టి, బండి మీద ఊరూరా తిప్పి మేత, మందులు అమ్మించే ఉద్యోగాలే ముందు దొరుకుతాయి. జీతం కూడా మొదట్లో గొప్పగా ఉండదు. అందుకే ఆరేళ్లకు సిద్ధపడండి. ముంబైలోని సిఫే (కేంద్ర మత్స్య విద్యా సంస్థ) లాంటి చోట జన్యుశాస్త్రం, రోగ నిర్ధారణ, లేదా పట్టుబడి తర్వాతి సాంకేతికతలో ఎం.ఎఫ్.ఎస్సీ చేయాలి. ప్రవేశ పరీక్షలో మంచి ర్యాంకు తెచ్చుకుంటే ఫెలోషిప్ ఉంటుంది, మీ మీద భారం తగ్గుతుంది. ఆ తర్వాత పరిశోధన సంస్థలు, ఎగుమతి తనిఖీ ల్యాబ్‌లు, ప్లాంట్లలో క్వాలిటీ, కొత్త ఉత్పత్తుల విభాగాలు ఉంటాయి. మత్స్యశాఖ ఉద్యోగాలు సరేసరి, కానీ వాటి నోటిఫికేషన్ కోసం ఏళ్ల తరబడి కూర్చోవద్దు.

నర్సింగ్, ఫార్మసీ మంచి చదువులే. అమ్మాయికి వాటి మీద ఇష్టం ఉంటే నేను అడ్డు చెప్పను. మీ ఉత్తరంలో మాత్రం ఆ ఇష్టం మీదే గానీ తనది ఎక్కడా కనిపించలేదు.

ఈసారి పట్టుబడికి ముందు యాంటీబయాటిక్ పరీక్షకు నమూనా పంపేటప్పుడు తనను కూడా వెంట తీసుకెళ్లండి. 2016లో యూరప్ మన రొయ్య కంటైనర్లలో 10 శాతం కాదు, 50 శాతం తనిఖీ చేస్తామంది, మందుల అవశేషాలు వెతికే ఇలాంటి పరీక్షల్లో ఏం తేలిందన్న దాన్ని బట్టి సరుకు ఆగడమో సాగడమో ఉంటుంది. ల్యాబ్ వాళ్లను బతిమాలైనా ఒక అరగంట లోపల నిలబడనివ్వండి. బయటికి వచ్చాక తను ఏం ప్రశ్నలు అడుగుతుందో వినండి. ఈఏపీసెట్ దరఖాస్తు ఆ తర్వాతే నింపండి.