148 డాలర్ల షేరు మళ్లీ లేస్తుందా?

ప్రశ్న: విశాఖ పోర్టులో పనిచేసి ఈ మధ్యే రిటైరయ్యాను. వయసు 60 నిండింది. మర్రిపాలెంలో సొంత ఇల్లు ఉంది, పింఛనుతో ఇద్దరికీ గడిచిపోతుంది. రిటైర్మెంటు సొమ్ము 46 లక్షలు బ్యాంకులో ఉంది. రెండేళ్లలో అమ్మాయి పెళ్లి చేయాలి, దానికి 12 లక్షలు అనుకుంటున్నాం. కెనడాలో ఉంటున్న మా బావమరిది 10 లక్షలు బ్లాక్‌బెర్రీ షేర్లలో పెట్టమంటున్నాడు. ఒకప్పుడు 148 డాలర్లు పలికిన షేరు ఇప్పుడు కొద్ది డాలర్లకే దొరుకుతోందని, పాత ధరలో సగానికి చేరినా పెళ్లి ఖర్చుకు వెతుక్కోనక్కర్లేదని అతని మాట. మా పై అధికారుల చేతుల్లో ఆ ఫోను చూసేవాళ్లం. అంత పెద్ద కంపెనీ మరో మంచి ఫోను ఎందుకు తేలేకపోయింది? మళ్లీ లేవదంటారా? – ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: సూటిగా చెబుతాను. ఆ 10 లక్షలు అటు పంపవద్దు. మరో మంచి ఫోను ఎందుకు తేలేకపోయిందని మీరు వేసిన ప్రశ్న మాత్రం చాలా విలువైనది. కంపెనీకి ఏం జరిగిందో తెలిస్తే, మీ బావమరిదికి ఏం చెప్పాలో నన్ను అడగాల్సిన పని ఉండదు.

వాటర్లూ అనే కెనడా పట్టణంలో 1984లో మైక్ లజారిడిస్, డగ్లస్ ఫ్రెగిన్ పెట్టిన కంపెనీ అది. అప్పటి పేరు రీసెర్చ్ ఇన్ మోషన్. బ్లాక్‌బెర్రీ పేరుతో తొలి పరికరం 1999లో వచ్చింది. రెండు బొటనవేళ్లతో టైపు చేసుకునే చిన్న కీబోర్డు, జేబులోకే వచ్చి పడే ఈమెయిల్. ఉత్తరాలను కుదించి తన సర్వర్ల ద్వారా పంపేది కాబట్టి అంతంతమాత్రం సిగ్నల్‌లోనూ పనిచేసేది, బ్యాటరీ చాలాసేపు నిలిచేది. భద్రత విషయంలో దానికి తిరుగులేదని పేరు. పెద్ద పెద్ద సంస్థల కంప్యూటర్ విభాగాలు ఇవన్నీ చూసి ఉద్యోగుల కోసం టోకున కొనేవి. మీ అధికారుల చేతుల్లో కనిపించింది అందుకే. అంటే ఫోను వాడేది ఒకరు, ఏ ఫోను కొనాలో తేల్చేది ఇంకొకరు. కంపెనీ చెవి ఎప్పుడూ ఆ రెండోవారి వైపే ఉండేది.

2007లో ఐఫోను వచ్చింది. కీబోర్డు లేదు, బ్యాటరీ త్వరగా అయిపోతుంది, డేటాను ఎడాపెడా వాడేస్తుంది. వాటర్లూ ఇంజినీర్లు ఏళ్ల తరబడి దేన్ని పొదుపు చేయడానికి తపించారో దాన్నే ఈ ఫోను దుబారా చేసింది. ఇది నెట్‌వర్కుల మీద మోయలేని భారం వేస్తుందన్న వాళ్ల అంచనా తప్పు కూడా కాదు. అమెరికాలో ఐఫోను అమ్మిన ఏటీ అండ్ టీ నెట్‌వర్కు నిజంగానే ఉక్కిరిబిక్కిరైంది. అయినా జనం ఆ ఫోనును వదల్లేదు. టెలికాం సంస్థలే డబ్బు పోసి నెట్‌వర్కులను పెంచుకున్నాయి. దాంతో బ్లాక్‌బెర్రీ పొదుపుకు విలువ పోయింది.

ఇక్కడ మీరు ఆగి చూడాల్సిన అంకెలు రెండున్నాయి. 2008 మార్చి మొదట్లో ముగిసిన ఏడాదిలో ఆ కంపెనీ అమ్మకాలు సుమారు 600 కోట్ల డాలర్లు. 2011 ఫిబ్రవరితో ముగిసిన ఏడాదిలో సుమారు 1,990 కోట్ల డాలర్లు. ఐఫోను వచ్చాకే అమ్మకాలు మూడు రెట్లు దాటాయి! షేరు ధర మాత్రం 2008 జూన్‌లోనే శిఖరానికి చేరి, అక్కడి నుంచి దిగడం మొదలుపెట్టింది. ఖాతా పుస్తకాలు కళకళలాడుతుంటే, ఉన్న ఫోనును పక్కనపెట్టి కొత్తది మొదలుపెడదామని ఎవరు అంటారు? అన్నా ఎవరు వింటారు?

పోర్టులో పనిచేసినవారు కాబట్టి మీకు ఇది తేలిగ్గా తెలుస్తుంది. 1933లో మొదలైన ఇన్నర్ హార్బర్‌కు ఓడలు నిండుగా వస్తున్నా, రాబోయే పెద్ద ఓడలు అందులో పట్టవని గ్రహించి ఔటర్ హార్బర్ కట్టారు, 1976లో అది పనిలోకి వచ్చింది. వాటర్లూలో మాత్రం లోపలి బెర్తులన్నీ నిండి ఉన్నాయన్న ధీమాతో బయట తవ్వకం ఆలస్యం చేశారు.

పూర్తిగా చేతులు ముడుచుకు కూర్చున్నారని కాదు. ఐఫోను అమ్మే హక్కు దక్కని మరో అమెరికా టెలికాం సంస్థ వెరైజన్ పోటీగా ఒక టచ్ ఫోను కావాలంది. 2008 నవంబరులో స్టార్మ్ వచ్చింది. దాని తెర మొత్తం ఒకే పెద్ద మీటలా పనిచేసేది. అక్షరం మీద వేలు పెట్టి తెరనే లోపలికి నొక్కాలి, టక్కుమంటుంది, అది పైకి లేచాక తర్వాతి అక్షరం. కీబోర్డు లేని ఫోనులోనూ కీబోర్డు అనుభూతిని వదులుకోలేక చేసిన పని అది. కొన్నవాళ్లు కుప్పలుగా తిరిగి ఇచ్చేశారు. వాళ్లకు లేనిది తెలివి కాదనడానికి నాకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. అంత కష్టపడి ఒక యంత్రాన్ని కనిపెట్టారు, కానీ తమ పాత గెలుపును కాపాడుకోవడానికి కనిపెట్టారు.

లోపలి సాఫ్ట్‌వేర్ ఇంకా పెద్ద అడ్డంకి. ఈమెయిల్ కోసం పుట్టిన పాత వ్యవస్థ మీద ఆధునిక బ్రౌజరు, యాప్‌లు సాఫీగా నడవవు. 2010లో క్యూఎన్ఎక్స్ అనే సంస్థను కొని, కొత్త వ్యవస్థకు దాన్నే పునాదిగా తీసుకున్నారు. ఒకపక్క పాత ఫోన్లు అమ్ముతూ మరోపక్క కొత్తది కట్టాలి. 2011లో తెచ్చిన ప్లేబుక్ టాబ్లెట్‌లో సొంత ఈమెయిల్ యాప్ కూడా లేదు, ఈమెయిల్‌తో పేరు తెచ్చుకున్న కంపెనీ నుంచి! కొత్త వ్యవస్థతో జడ్10 ఫోను వచ్చేసరికి 2013 జనవరి అయింది. అప్పటికి యాప్‌లు రాసేవాళ్లు ఐఫోను, ఆండ్రాయిడ్ దగ్గర స్థిరపడిపోయారు. యాప్‌లు లేని చోటికి జనం రారు, జనం లేని చోటికి యాప్‌లు రావు. అదే ఏడాది, ప్రధానంగా అమ్ముడుపోని జడ్10 ఫోన్ల కారణంగా, 90 కోట్ల డాలర్లకు పైగా నష్టం రాసుకున్నారు.

బీబీఎం అనే వాళ్ల మెసేజింగ్ సేవ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. వాట్సాప్ 2009లో పుట్టింది. అంతకు ముందే బీబీఎం కుర్రకారులో పాతుకుపోయింది. దాన్ని ఇతర ఫోన్లకు ఇస్తే తమ ఫోన్లు కొనడానికి ఒక కారణం పోతుందని దాచుకున్నారు. చివరికి 2013 అక్టోబరులో తలుపులు తెరిచారు. అప్పటికి లోపలికి రావలసినవాళ్లు వేరే చోట చేరిపోయారు. 2016లో సొంతంగా ఫోన్ల తయారీ ఆపేశారు, 2022 జనవరి 4న పాత ఫోన్లకు సేవలే నిలిపేశారు.

ఇక మీ బావమరిది లెక్క. బ్లాక్‌బెర్రీ ఈరోజు ఫోన్ల కంపెనీ కాదు, సాఫ్ట్‌వేర్ కంపెనీ. క్యూఎన్ఎక్స్ సాఫ్ట్‌వేర్ 20 కోట్లకు పైగా వాహనాల్లో ఉంది, అది మంచి వ్యాపారమే. అయితే 2025 ఫిబ్రవరితో ముగిసిన ఏడాదిలో మొత్తం అమ్మకాలు సుమారు 53 కోట్ల డాలర్లు. షేర్లు దాదాపు 59 కోట్లు. షేరు సగానికి, అంటే 74 డాలర్లకు చేరాలంటే కంపెనీ విలువ 4,300 కోట్ల డాలర్లు దాటాలి, అంటే ఏడాది అమ్మకాలకు ఎనభై రెట్లు. 148 అన్న అంకెను మోసిన వ్యాపారమే ఇప్పుడు లేదు. ధర మాత్రం మనసులో మిగిలిపోయింది. పాత ధరను చూసి చవక అనుకోవడం నా దగ్గరికి వచ్చేవారిలో తరచూ కనిపించే ప్రమాదం. 2008లో 148 నుంచి 74కు పడ్డప్పుడు సగం ధరకే వస్తోందని కొన్నవారి 10 లక్షలు, షేరు 2012లో 7 డాలర్ల లోపుకు జారినప్పుడు, మారకపు రేటును పక్కన పెడితే, లక్ష కూడా లేవు. మన దగ్గర రిలయన్స్ కమ్యూనికేషన్స్ చూడండి. 2008 జనవరిలో 800 రూపాయలు దాటిన షేరు. 2019లో ఆ కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది.

కంపెనీ కొత్త దారి కూడా ముళ్లు లేనిదేమీ కాదు. 2019లో 140 కోట్ల డాలర్లు పెట్టి సైలాన్స్ అనే సైబర్ భద్రతా సంస్థను కొన్నారు. 2024 డిసెంబరులో దాన్ని 16 కోట్ల డాలర్ల నగదుకు, కొన్ని షేర్లకు అమ్మేస్తున్నట్టు ప్రకటించారు.

మీ సొమ్ముకు నేను చెప్పేది ఇది. 30 లక్షలు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో, పోస్టాఫీసులో గానీ బ్యాంకులో గానీ వేయండి. ఒక్కరికి గరిష్ఠ పరిమితి అంతే. 2023 ఏప్రిల్‌లో వడ్డీ 8.2 శాతానికి చేరింది. ఆ రేటు ప్రకారం మూడు నెలలకోసారి 61,500 రూపాయలు చేతికొస్తాయి. ప్రభుత్వం ప్రతి మూడు నెలలకూ రేటు సమీక్షిస్తుంది, కానీ మీరు ఖాతా తెరిచిన రోజున ఉన్న రేటే అయిదేళ్లూ నడుస్తుంది.

పెళ్లి డబ్బు 12 లక్షలను మాత్రం ఎవరు ఎంత నచ్చజెప్పినా ఏ షేర్లలోనూ పెట్టకండి, మంచి షేర్లలో కూడా. ముహూర్తం పెట్టాక మార్కెట్ కోలుకునే దాకా ఆగలేరు. డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకులో వడ్డీతో కలిపి 5 లక్షల వరకే కాబట్టి, మూడు బ్యాంకుల్లో నాలుగేసి లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్లు చేసి, గడువు పెళ్లికి రెండు నెలల ముందు తీరేలా చూసుకోండి. మిగిలిన 4 లక్షల్లో మూడు లక్షలు వైద్యానికి, అనుకోని ఖర్చులకు తీయడానికి వీలుగా ఉంచండి.

షేర్ల మీద మనసుంటే చివరి లక్షను నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌లో, అంటే నిఫ్టీ సూచీలోని పెద్ద కంపెనీలన్నిటి షేర్లనూ కొనే ఫండ్‌లో, నెలకు కొంత చొప్పున వేయండి. 2008లో ఆ సూచీలో రిలయన్స్ కమ్యూనికేషన్స్, యూనిటెక్, సుజ్లాన్ ఉండేవి. చితికిపోయాక వాటి చోట్లోకి వేరే కంపెనీలు వచ్చాయి, ఏది మునుగుతుందో ముందే పసిగట్టే భారం మీ మీద ఉండదు. విదేశీ షేర్లయితే మీరే పసిగట్టాలి. పైగా ఏటా ఆదాయపు పన్ను రిటర్నులో విదేశీ ఆస్తుల వివరాలు చూపాలి, డాలర్ల మార్పిడి ఖర్చులు భరించాలి.

మీ బావమరిది మీ మేలు కోరే చెప్పి ఉంటాడు. ఆ షేరు మీద అతనికి అంత నమ్మకం ఉంటే అక్కడే తన డబ్బుతో కొనుక్కోవచ్చు, అందులో తప్పేమీ లేదు. మీరు ఈ వారం పోస్టాఫీసుకు వెళ్లినప్పుడు ఆధార్, పాన్ కార్డులు వెంట తీసుకెళ్లండి, నామినీగా మీ శ్రీమతి పేరు రాయించండి.