పాత బోర్డో సీసా తెరిచే ముందు

ఒరేయ్ అల్లుడూ,

మీ ఇంటి ఓనరు 1996 నాటి పోయాక్ సీసా, అంటే మీ బోర్డో ప్రాంతంలోని పోయాక్ ఊరి ఎర్ర వైన్, నీ చేతిలో పెట్టారని చదివి, నిజం చెప్పొద్దూ, కాస్త కుళ్లుకున్నాను. మీ తాతయ్యకి బోర్డో అంటే నిమ్మచెట్లకి కొట్టే మైలుతుత్తం, సున్నం మందే. అదీ 1880లలో మీ పక్కనున్న మెడాక్ ద్రాక్షతోటల్లో పుట్టిందే అంటే నమ్మడు.

శనివారం తెరుస్తానన్నావుగా, గురువారమే సీసాని నిలబెట్టు. ఇన్నేళ్లు పడుకున్న సీసాలో మడ్డి ఒక పక్కకి చేరి ఉంటుంది, అది అడుక్కి దిగాలి. ముప్పయ్యేళ్ల బిరడా రస్కులా పొడైపోతుంది. మెలికల ఓపెనర్ వద్దు, రెండు సన్న రేకులుండే ఓపెనర్ అడిగి తెచ్చుకో. సీసా మెడ కింద ఫోన్ టార్చి వెలిగించి, చారు మీది తేట వంచినట్టు జాడీలోకి నెమ్మదిగా వంచు. మడ్డి గీత మెడ దగ్గరికి రాగానే ఆపెయ్.

వంచిన వెంటనే తాగడం మొదలుపెట్టు. నేనొకసారి కుర్ర వైన్‌కి చేసినట్టే, 1982 సీసా ఒకటి మూడు గంటల ముందే జాడీలో పోసి ఉంచాను. అతిథులు కూర్చునేసరికి వాసనంతా ఎగిరిపోయి పుల్లనీళ్లు మిగిలాయి. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

గ్లాసుని తెల్లకాగితం మీద వంచి అంచు చూడు. ఇటుక రంగుంటే వయసుకి తగ్గట్టే ఉన్నట్టు. నడిమధ్య కూడా గోధుమరంగుకి తిరిగితే ముసలిదైపోయినట్టే. తిప్పకుండానే ఒకసారి వాసన చూడు. మూసిపెట్టిన గది వాసనొస్తే కంగారుపడకు, పావుగంటలో పోతుంది. తడిసిన అట్టపెట్టె వాసనొస్తే మాత్రం బిరడా చెడగొట్టింది, దానికి మందు లేదు. బాగున్న పోయాక్‌లో పెన్సిల్ చెక్కిన వాసన, పొగాకు, దేవదారు పెట్టె, వానకి నానిన ఆకులు, వాటి వెనక సన్నగా కాసిస్ అనే చిన్న నల్ల పండు వాసన తగలాలి.

ఇక అసలు సంగతి వగరు. టానిన్ అని వైన్ వాళ్లనేది ఇదే. ద్రాక్ష తొక్కలోంచి, గింజల్లోంచి వస్తుంది. కాబెర్నే అనే రకం ద్రాక్ష ఎక్కువుండే కుర్ర వైన్ తాగితే జామపిందె కొరికినట్టు చిగుళ్లు పట్టేస్తాయి. ఏళ్లు గడిచేకొద్దీ ఆ వగరు పదార్థాలు ఒకదానికొకటి అతుక్కుని బరువెక్కి మడ్డిలోకి దిగిపోతాయి. కాబట్టి వగరు మెత్తబడిందా అన్నది సగం ప్రశ్నే. మెత్తబడేసరికి పండు రుచి మిగిలిందా? నోట్లో ఎండిన వగరే మిగిలి పండు లేకపోతే, సీసా మీద ఎంత పెద్ద పేరున్నా వైన్ అయిపోయిందని రాసుకో. మొదటి గుక్కకే తీర్పు చెప్పకు. గంటసేపు, పావుగంటకోసారి రుచి చూసి రెండు ముక్కలు రాయి. పాతవి గ్లాసులో విచ్చుకుంటాయి, వాడిపోతాయి కూడా.

ఓనరుగారిని భోజనానికి పిలువు. మటన్ ఉప్పు, మిరియాలతో వేయించు చాలు. అక్కయ్య పంపిన ఆవకాయ జాడీ ఆ ఒక్క రాత్రికి అలమరలోనే ఉండనీ. మూత కూడా తియ్యకు.

నీ మేనమామ