ఎన్నికల డ్యూటీ అంటేనే వణుకు వస్తోంది

ప్రశ్న: నేను పల్నాడు జిల్లాలో ప్రభుత్వ ఉపాధ్యాయురాలిని. 2024 మే 13న ప్రిసైడింగ్ అధికారిగా పనిచేశాను. మధ్యాహ్నం కొందరు గదిలోకి చొరబడి, వేసిన ఓటు చీటీని చూపే వీవీప్యాట్ యంత్రాన్ని నేలకేసి కొట్టారు. ‘మీ ఇల్లెక్కడో మాకు తెలుసు’ అన్నారు. నేను గోడకు ఆనుకుని బిగుసుకుపోయాను. తర్వాత వేరే యంత్రం తెప్పించి పోలింగ్ పూర్తి చేశాం. ఇప్పుడు స్థానిక ఎన్నికల మాట వింటేనే నిద్ర పట్టడం లేదు. తలుపు గట్టిగా పడితే గుండె దడ. మావారేమో ‘మనకెందుకీ రాజకీయాలు, మర్చిపో’ అంటారు. నేనింత పిరికిదాన్నా? అసలు ఓటుకు విలువ ఉందా?

జవాబు: అంతమంది మీద పడితే మీరూ, మీ పోలింగ్ సిబ్బందీ ఏం చేయగలిగేవారు? ప్రాణభయం కొందరిని పరుగెత్తిస్తుంది, కొందరిని కదలనివ్వదు. అందులో మీ ఎంపిక ఏమీ లేదు. ఆ ఒక్క నిమిషాన్ని పట్టుకుని మీకు మీరే శిక్ష వేసుకుంటున్నారు. మరి వేరే యంత్రం తెప్పించిందెవరు? సాయంత్రం పోలైన ఓట్ల లెక్క రాసే 17సీ ఫారాలు నింపి, ఏజెంట్ల సంతకాలు తీసుకుని, సీళ్లు వేసిందెవరు? ఉత్తరంలో ఆ పనంతా ఒక్క వాక్యంలో దాటేశారు.

ఓట్లు నమోదై ఉండేది ఈవీఎంలోని కంట్రోల్ యూనిట్‌లో. వీవీప్యాట్‌ను పగలగొడితే అవి పోవు. ఆనాటి హింస తర్వాత ఎన్నికల సంఘం పల్నాడు, అనంతపురం ఎస్పీలను సస్పెండ్ చేసింది, పల్నాడు కలెక్టరును బదిలీ చేసింది, ప్రత్యేక దర్యాప్తు బృందం (సిట్)తో విచారణ జరిపించింది. ఇది చాలా అంటే, నా మటుకు చాలదు. ఎస్పీ మారినంత మాత్రాన మీకు నిద్ర రాదు కదా. అయినా ఆ ఎన్నికల్లో రాష్ట్రంలో 80 శాతానికి పైగా ఓట్లు పోలయ్యాయి. బెదిరించినవాళ్లు అనుకున్నది పూర్తిగా నెరవేరలేదు. మీ కోపం న్యాయమైనదే, దాన్ని అణచుకోనక్కర్లేదు.

‘మనకెందుకు’ అన్న మాట బెదిరింపు కన్నా ఎక్కువ గుచ్చుకున్నట్టుంది. ఆ రాత్రి మీరు సామగ్రి అప్పగించి ఇంటికి చేరేదాకా ఆయన ఎలా గడిపారో ఎప్పుడైనా అడిగారా? మన ఇళ్లలో మగవాళ్లు భయమేసిందని చెప్పరు, విసుక్కుంటారు. అలాగని ఆ మాట సరైనదని కాదు. పిల్లలు పడుకున్నాక, ఆ రోజు జరిగిందంతా మొదటి నుంచి చివరిదాకా ఆయనకు చెప్పండి. సలహాలివ్వకుండా వినమని ముందే అడగండి.

రాత్రిపూట ఫోనులో పాత గొడవల వీడియోలు చూస్తుంటే మాత్రం వెంటనే మానండి. చూసిన ప్రతిసారీ శరీరం మళ్లీ ఆ గదిలోకే వెళ్తుంది. ఇలాంటి లక్షణాలు నెల దాటి కొనసాగితే మానసిక వైద్యులను కలవాలి. మీ విషయంలో ఆ గడువు ఎప్పుడో దాటింది. ఇది నయం చేయగలిగిన బాధ, మందులతో పాటు మాటలతో చేసే చికిత్స కూడా ఉంది. మీ ఊళ్లో వైద్యులు లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ 14416కు ఫోను చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.

డ్యూటీ సంగతి అర్ధరాత్రి మంచం మీద తేల్చుకోకండి. వైద్యుల ధ్రువపత్రం జతచేసి మినహాయింపు కోరవచ్చు. ఇవ్వడం అధికారుల చేతుల్లోనే ఉన్నా, అడగడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు. వెళ్లాలనే అనిపిస్తే సమస్యాత్మక కేంద్రం వద్దని రాతపూర్వకంగా కోరండి. ఎవరైనా మళ్లీ ఇంటి ఊసెత్తి బెదిరిస్తే అదే రోజు పోలీసులకు ఫిర్యాదు రాసిచ్చి, రసీదు తీసుకోండి.