మంచుకి పని చెప్పు

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

నీ నేర నవల రాతప్రతి అందింది, చదివాను. మూడో అధ్యాయంలో ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను. ఉత్తర స్వీడన్‌లో కిరునా పట్టణం, డిసెంబరు 15, సాయంత్రం 5 గంటలు. "అస్తమిస్తున్న సూర్యుడు మంచునంతా రక్తవర్ణంలో ముంచేశాడు" అని రాశావు. కిరునా ఆర్కిటిక్ వలయానికి పైన, దాదాపు 68 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు రెండో వారం నుంచి జనవరి మొదటి రోజుల దాకా అక్కడ సూర్యుడు పొడవనే పొడవడు. పొడవని సూర్యుడు ఎలా అస్తమిస్తాడు? ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 2 దాకా నీలిరంగు మసక వెలుతురు ఉంటుంది. మంచు కూడా నీలంగానే కనిపిస్తుంది. సాయంత్రం 5 అయ్యేసరికి అర్ధరాత్రి ఎంత చీకటో అంత చీకటి.

భూగోళం తప్పుని ఎవరైనా దిద్దుతారు. నాకు కోపం తెప్పించింది ఇంకోటి. ఆ వాక్యానికి కథలో పని లేదు. తీసేస్తే హత్య ఆగదు, దర్యాప్తు తప్పుదారి పట్టదు, ఎవరూ ఆలస్యంగా రారు. వాతావరణం అన్నది దర్యాప్తుకి అడ్డుపడాలి, లేదా సాక్ష్యం చెప్పాలి. ఈ రెండూ చెయ్యని మంచుని కొట్టెయ్. స్వీడన్, ఐస్‌లాండ్ లాంటి ఉత్తర ఐరోపా దేశాల నేర నవలల మీద మనవాళ్ళకి ఇంత మోజు ఎందుకో అడిగావు కదా. నా జవాబు ఇదే. ఆ చలీ ఆ చీకటీ పోలీసుల చేతులు కట్టేస్తాయి. ఆలస్యం పెరిగేకొద్దీ మన గుండె బిగుసుకుంటుంది.

నమ్మకం లేకపోతే మొదటికి వెళ్ళి చూడు. మై షోవాల్, పేర్ వాలూ అనే స్వీడన్ జంట 1965 నుంచి 1975 దాకా మార్టిన్ బెక్ అనే పోలీసు అధికారితో పది నవలలు రాశారు. ఆ దేశాల నేర నవలకి దారి వేసింది వాళ్ళే. మొదటి నవల జులైలో మొదలవుతుంది! యోటా కాలువలో పూడిక తీసే యంత్రం ఒక ఆడమనిషి శవాన్ని పైకి తెస్తుంది. మంచు రవ్వ కూడా లేదు. ఆ శవం ఎవరిదో తెలియడానికే నెలలు పడుతుంది. అంతకాలం బెక్ చేసేది ఎదురుచూడటమే. అసలు వాతావరణం ఆ ఎదురుచూపే. 1991లో మొదలైన హెన్నింగ్ మాంకెల్ నవలలు చూడు, వలాండర్ అనే పోలీసు అధికారివి. వాటి ఊరు యూస్టాడ్, స్వీడన్ దక్షిణ తీరం. అక్కడ ముంచుకొచ్చేది గాలి, పొగమంచు, దున్నిన పొలాల బురద. ఐస్‌లాండ్ రచయిత అర్నాల్దుర్ ఇంద్రిదాసన్ అయితే రాజధాని రేక్యావిక్ వానతోనే ఊపిరి ఆడకుండా చేస్తాడు.

మన సంపాదకులకి ఇది ఏనాడూ పట్టలేదు. "మూడో పేజీకల్లా శవం పడాలి, వాతావరణం రెండు లైన్లలో తేల్చెయ్" అని ఒక తరం రచయితల చెయ్యి విరిచారు. ఇప్పుడు ఓటీటీల పుణ్యమా అని గాలి మారింది. అదే కుర్చీల్లోంచి "కాస్త మంచు మూడ్ వెయ్యండి" అంటున్నారు. అప్పుడు అక్కర్లేని రంగు, ఇప్పుడు అమ్ముడుపోయే రంగు. వాళ్ళ దృష్టిలో వాతావరణం రంగు దాటి పోలేదు. నువ్వు వాళ్ళ మాట వినకు.

ఇక నీ కథలోకి వస్తాను. హంతకుడు మైనస్ 25 డిగ్రీల చలిలో "పిల్లిలా చప్పుడు లేకుండా" మంచు మీద నడిచి వచ్చాడు. కుదరదు. మైనస్ 10 దాటి చలి ముదిరాక, బూటు కింద మంచు పలుకులు కరగవు, విరిగి ఒకదాన్నొకటి రాసుకుంటాయి. అడుగడుక్కీ కిర్రుమంటుంది. కొత్తగా పడిన మంచు దూరపు శబ్దాలని మింగేస్తుంది కాబట్టి ఆ దగ్గరి చప్పుడు ఒక్కటే చెవిలో పడుతుంది. అంటే నీ హతుడు ఆ అడుగులు విన్నాడు. విని కూడా వెనక్కి తిరగలేదు. ఎందుకు? ఆ నడక తెలిసినవాళ్ళది గనక. చూశావా, మంచుకి పని చెప్పగానే హంతకుడు అపరిచితుడు కాకుండా పోయాడు.

తెల్లవారి శవం దొరికింది. డాక్టరు చెయ్యి ముట్టుకుని "రాత్రి 9, 10 మధ్య పోయాడు" అన్నాడు. ఏ డాక్టరూ అనడు. ఆ చలిలో ఒళ్ళు కొయ్యబారింది మరణం వల్లో గడ్డకట్టడం వల్లో పైకి తేలదు. చలిలో ఉన్న శవం మీద గులాబీరంగు మచ్చలు వస్తాయి, కార్బన్ మోనాక్సైడ్ విషవాయువు పీల్చినవాళ్ళ ఒంటిమీది మచ్చల్లాగే ఉంటాయి. చలికి పోయేవాళ్ళు కొందరు చివరి ఘడియల్లో బట్టలు వాళ్ళే విప్పేసుకుంటారు, చూసినవాళ్ళు అత్యాచారం అనుకుంటారు. గడ్డకట్టిన శవాన్ని వేడి గదిలో పెడితే లోపల కరిగేలోపే పైపొర కుళ్ళుతుంది. అందుకే 4 డిగ్రీల దగ్గర రోజుల తరబడి నెమ్మదిగా కరగనిచ్చి, తర్వాతే కోస్తారు. అదీ కిరునాలో కాదు, దాదాపు 600 కిలోమీటర్ల అవతల ఊమెయోలో. ఇక నమూనాలు పరీక్షించే జాతీయ ప్రయోగశాల దేశానికి ఆ చివర లిన్‌షోపింగ్‌లో ఉంది. నీ నవలలో పోస్టుమార్టం రిపోర్టు మధ్యాహ్నం భోజనానికల్లా వచ్చేసింది! నీకు ఊరికే దొరికిన వారం రోజుల ఉత్కంఠని చేతులారా పారేసుకున్నావు.

మరి సమయం ఎలా తేలుతుంది? శవం కింద మంచు ఎంత మందం ఉంది, పైన ఎంత ఉంది అని కొలిపించు. ఆ రాత్రి మంచు ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగిందో స్వీడన్ వాతావరణ సంస్థని అడిగించు. తర్వాత ఒక అధ్యాయం గడిచాక, ఆ పైమంచు ఆకాశం నుంచి పడలేదు, గాలికి పక్క కప్పు మీంచి కొట్టుకొచ్చింది అని తేల్చు. ఒకే మంచు మొదట సాక్ష్యం చెప్పి, తర్వాత మోసం చేస్తుంది.

బూటు ముద్రలో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోయించావు. ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, ముద్ర అంచులు కరిగిపోతాయి. ముందు పక్కన కొలబద్ద పెట్టి, లైటు ఏటవాలుగా పట్టి ఫొటోలు తీస్తారు. తర్వాత మంచు ముద్రల కోసమే తయారుచేసిన ఎర్ర మైనం స్ప్రేని పలచగా పొరలు పొరలుగా కొడతారు. ప్రతి పొరకీ మధ్య ఆగుతారు. ఆపైన పళ్ళ అచ్చులకి వాడే పొడిని మంచుతో చల్లబరిచిన నీళ్ళతో కలిపి పోసి కదిలించకుండా వదిలేస్తారు. చేతులు వణుకుతున్న కొత్త కానిస్టేబుల్ ఆగకుండా కొడితే ముద్ర పోతుంది. ఆ పోయిన ముద్ర నీ నవలకి నడుం అవుతుంది.

ఇంకో మాట. కిరునాలో ఇనుప ఖనిజం గని ఉంది. రోజూ అర్ధరాత్రి దాటాక ఒంటిగంటన్నర ప్రాంతంలో భూమి లోపల పేల్చుతారు, ఊరికి ఆ అదురు తెలుస్తుంది. తవ్వకాలకి నేల కుంగుతోందని ఊరి నడిబొడ్డునే తూర్పుకి జరుపుతున్నారు. కొత్త కేంద్రాన్ని 2022లో ప్రారంభించారు. 2025 ఆగస్టులో పాత చెక్క చర్చిని మొత్తంగా చక్రాల బండి మీద తరలించారు. కాళ్ళ కింద నేలే నిలవని ఊరు దొరికితే నువ్వు దాన్ని మంచు బొమ్మ చేశావు. ఆ రాత్రి పేలుడుని గుర్తుపెట్టుకుని, తుపాకీ శబ్దం ఎవరికీ ఎందుకు వినబడలేదో మళ్ళీ ఆలోచించు. అలాగే డిసెంబరులో ఇంటింటి కిటికీలో ఏడు బల్బుల దీపపు చట్రం వెలుగుతుంది. ఆ వీధిలో ఒక కిటికీ చీకటిగా ఉంటే పొరుగువాళ్ళకి వెంటనే తెలుస్తుంది. కార్ల ఇంజన్లు గడ్డకట్టకుండా రాత్రి స్తంభానికి కరెంటు తీగతో తగిలిస్తారు. హడావిడిగా పారిపోయేవాడు ఆ తీగ ఊడదీయడం మర్చిపోతాడు.

పోయినవాడి గుమ్మం ముందు మంచు రోజూ ఎత్తిపోసే ఆ ముసలావిడ బావుంది. ఆ పేజీల్లో అక్షరం మార్చకు.

చివరి అధ్యాయాల్లో నీ పోలీసు నిందితుణ్ణి పది రోజులు లాకప్‌లో పెట్టి ఒప్పించాడు. స్వీడన్‌లో అది సాగదు. మనిషి మీద తగినంత అనుమానం కుదిరాక దర్యాప్తు ప్రాసిక్యూటర్ చేతికి వెళుతుంది. అతణ్ణి పట్టి ఉంచాలని ప్రాసిక్యూటర్ నిర్ణయించిన రోజు తర్వాత మూడో రోజు మధ్యాహ్నం 12 లోపు రిమాండు కోసం కోర్టుని అడగాలి. నాలుగు రోజుల లోపు కోర్టులో విచారణ జరగాలి. లేదా వదిలెయ్యాలి. నువ్వు శుక్రవారం పట్టించావు కనక సోమవారం మధ్యాహ్నం దాకానే గడువు. ఊమెయోలో శవం ఇంకా కరగలేదు, లిన్‌షోపింగ్ నుంచి కబురు రాలేదు. ఆ గడువు పెట్టుకుని చివరి నాలుగు అధ్యాయాలూ తిరగరాసి పంపు. నువ్వు అడిగిన కలం పేరు సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.

ఇట్లు,
నీ మేలుకోరే అన్న