టార్పాలిన్ కట్టినా కోళ్లు తుమ్ముతున్నాయి

ప్రశ్న: మాది లంబసింగి దగ్గర పల్లె. వనరాజా రకం కోళ్లు, నాటు పెట్టలు కలిపి 30 దాకా ఉన్నాయి. చలికి భయపడి రేకుల గూడు చుట్టూ కింది నుంచి పైదాకా టార్పాలిన్ బిగించేశాం. ఇప్పుడు పొద్దున తలుపు తీస్తే కళ్లు మండే వాసన. రేకు లోపలి వైపు నుంచి నీటి చుక్కలు రాలుతున్నాయి. నాలుగైదు కోళ్లు తుమ్ముతున్నాయి, గుడ్లు బాగా తగ్గాయి. లోపల పెద్ద బల్బు పెట్టమంటారా? వచ్చే నెల 50 పిల్లల్ని కూడా తేవాలనుకుంటున్నాం.
– ఒక పాఠకురాలు, అల్లూరి సీతారామరాజు జిల్లా

జవాబు: ముందు లేచి వెళ్లి ఆ టార్పాలిన్‌ను పైనుంచి ఒక అడుగు కిందికి దించండమ్మా. మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

ఏజెన్సీలో పశువైద్యుడిగా పనిచేసినన్నాళ్లూ చూశాను. చలికాలంలో నా దగ్గరికి తెచ్చిన పెద్ద కోళ్లలో చలికి జబ్బుపడినవాటి కంటే గాలాడక జబ్బుపడినవే ఎక్కువ. ఎదిగిన కోడి ఒంటి వేడి దాదాపు 41 డిగ్రీల సెల్సియస్. ఈకలు ఉబ్బించుకుని, కాళ్లు పొట్ట కింద దాచుకుని కూర్చుంటే మీ లంబసింగి చలిని కూడా తట్టుకుంటుంది. తడిని మాత్రం తట్టుకోలేదు. దాని రెట్టలో ముప్పాతిక వంతు నీరే. ఊపిరితో వచ్చే ఆవిరి దానికి తోడు. బయటికి దారి లేక ఆ ఆవిరంతా చల్లటి రేకుకు తగిలి నీరై, మళ్లీ నేల మీద పరిచిన ఊక మీదే పడుతోంది. తడిసిన ఊకలో రెట్ట కుళ్లి అమ్మోనియా పుడుతుంది. మీ కళ్లు మండించేది అదే. మీరు తలుపు దగ్గర నిలబడి పీలుస్తున్నారు, అవి రాత్రంతా నేలకు జానెడు ఎత్తులో పీలుస్తున్నాయి. ఒకసారి కోడి ఎత్తుకు వంగి వాసన చూడండి, తెలుస్తుంది.

టార్పాలిన్ తీసేయక్కర్లేదు. ఉత్తరం, తూర్పు వైపుల నుంచి ఈదర కొడుతుంది కాబట్టి అక్కడ కింది నుంచి కట్టి, చూరు దగ్గర అడుగు ఖాళీ వదలండి. చలికాలం సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కదా, ఆ వైపు పగలంతా పూర్తిగా ఎత్తేయండి. కోళ్లు కూర్చునే కర్రలు ఆ ఖాళీకి బాగా కిందుగా, నేలకు రెండడుగుల ఎత్తులో ఉంటే గాలి నేరుగా తగలదు. రేకు మీద వరిగడ్డి మందంగా పరిచి, ఎగిరిపోకుండా తాళ్లతో కట్టండి. చుక్కలు చాలావరకు ఆగుతాయి.

గడ్డకట్టిన ఊకంతా ఎత్తి పెంటకుప్పలో వేసి, పొడి ఊక నాలుగైదు అంగుళాల మందాన పోయండి. రోజూ పారతో తిరగేయాలి. నీళ్ల తొట్టి రాత్రి గూట్లో వద్దు. పొద్దున గోరువెచ్చటి నీళ్లు పెడితే బాగా తాగుతాయి. సాయంత్రం గూటికి చేరే ముందు గుప్పెడు గుప్పెడు మొక్కజొన్న వేయండి.

పెరట్లో కూడా ఉత్తరం వైపు ఒక తడక నిలబెట్టండి. నీరు నిలిచే చోట గ్రావెల్ పోసి ఎత్తు చేయండి. మంచు విడిచి ఎండ వచ్చాక వదిలితే చాలు. ఒక మూల బూడిద, ఇసుక కలిపి పోస్తే పొర్లుతాయి, ఒంటి మీది పేలు తగ్గుతాయి.

బల్బు సంగతి. పెద్ద కోళ్లకు వేడి కోసం అక్కర్లేదు. గుడ్లు తగ్గడానికి పొద్దు కురచ కావడం కూడా ఒక కారణం. డిసెంబరులో మీకు పగలు 11 గంటలే, పెట్టకు 14 నుంచి 16 గంటల వెలుతురు కావాలి. చిన్న ఎల్‌ఈడీ బల్బు తెల్లవారుజామున వేయండి. సాయంత్రం వేసి ఠక్కున ఆర్పితే పాపం, కర్ర ఎక్కే దారి కనపడక అవి నేల మీదే ఉండిపోతాయి. దీనివల్ల వనరాజాలు ఎంతో కొంత పెడతాయి. నాటు పెట్టల మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి, వాటి లెక్కలు వాటివి.

తుమ్మేవాటిని వేరు చేసి పశువైద్యశాలలో చూపించండి. షాపువాడిచ్చిన మందు నీళ్లలో కలపొద్దు. మెడ మెలిపడినా, రెట్ట ఆకుపచ్చగా పారినా అది కొక్కెర తెగులు కావచ్చు, ఆ పూటే వెళ్లాలి. టీకా ఎప్పుడు వేయించారో మీరు రాయలేదు, అదీ అక్కడ చెప్పండి.

ఇక పిల్లలు. వాటి ఒంటి మీద ఈకలు ఉండవు కాబట్టి వాటికి చలే యముడు. మొదటి వారం 95 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి కావాలి, తర్వాత వారానికి ఐదేసి డిగ్రీలు తగ్గించుకుంటూ రావాలి. వేడికి పెట్టిన బల్బు కింద కుప్పపడితే చలి, దూరంగా పోయి నోరు తెరిస్తే ఎక్కువ వేడి, చెదిరి తిరుగుతుంటే సరిపోయినట్టు. కరెంటు పోయిందని మూసిన గదిలో బొగ్గుల కుంపటి మాత్రం పెట్టకండి, దాని నుంచి వచ్చే విషవాయువుకు పిల్లలే కాదు, కాపలా పడుకున్న మనుషులూ పోతారు. నన్నడిగితే వచ్చే నెల వద్దు. ఫిబ్రవరి సగం దాటాక తెచ్చుకోండి, రాత్రిళ్లు లేచి చూసుకునే టెన్షన్ తగ్గుతుంది.