చెరువు మట్టికట్ట వేసవిలో 6 మి.మీ. లేచినట్టు లెవెల్ (ఎత్తులు కొలిచే పరికరం) చూపిస్తోంది. డీప్ బెంచ్‌మార్క్ (ఎత్తులు పోల్చి చూసుకోవడానికి లోతున రాతిలో పాతే స్థిరమైన గుర్తు) వేస్తే తేలుతుందా?

తేలుతుంది. కట్టను అనుమానించే ముందు మీ బెంచ్‌మార్క్‌ను అనుమానించండి. నాందేడ్ జిల్లా ధర్మాబాద్, బిలోలి వైపు నల్లరేగడిలో మూడడుగుల లోతున బెంచ్‌మార్క్‌గా పోసిన కాంక్రీటు దిమ్మె వానాకాలం నేలతో పాటు ఉబ్బి పైకొస్తుంది, మే నెలలో నెర్రెలు పడగానే దిగుతుంది. దిమ్మె దిగితే లెక్కలో కట్ట లేచినట్టే కదా. తూము గోడ మీద రంగుతో వేసిన గుర్తు ఇంకా దండగ, అది కట్టతో పాటే కుంగుతుంది.

నల్లమట్టి, మొరం దాటి గట్టి రాయి తగిలాక ఇంకో 2, 3 మీటర్లు బోరు దింపండి. కోర్ (బోరులోంచి కడ్డీలా వచ్చే రాతి ముక్క) తీసి చూడకుండా పగుళ్ల రాయిని హార్డ్ రాక్ అని రాసుకోవద్దు. అందులో 25 మి.మీ. జీఐ పైపు దించి, అడుగున మీటరు మేర మాత్రమే సిమెంటు గ్రౌట్‌తో (పలచగా కలిపి పోసే సిమెంటు) పట్టించాలి. చుట్టూ వేసే కేసింగ్ (బయటి పైపు) ఆ గ్రౌట్‌కు జానెడు పైనే ఆగాలి. మధ్య సందులోకి బురద దిగకుండా గ్రీజు సీలు పెట్టండి. పైన స్టీలు బొడిపె, తాళం వేసే పెట్టె. పెట్టె కాంక్రీటు లోపలి పైపుకు తగలకూడదు.

ఎక్కువగా చెడేది కేసింగ్ జాయింట్ల దగ్గర. గ్రౌట్ పైకి తన్ని లోపలి పైపును, కేసింగ్‌ను అతికించేస్తుంది. ఇక బెంచ్‌మార్క్ కూడా నేలతో ఊగుతుంది, పైకి చూస్తే ఏమీ తెలియదు. డెప్త్ గేజ్‌తో కేసింగ్ అంచుకీ బొడిపెకీ తేడా నెలనెలా రాయండి. కేసింగ్ నేలతో కదులుతుంది కాబట్టి నల్లరేగడిలో ఆ తేడా మారుతుండాలి. ఏడాదంతా ఒకే అంకె వస్తుంటే సంతోషించకండి, రెండూ అతుక్కున్నాయేమో చూడండి.

ఒక్కటి చాలదు, మూడు వేయండి. రెండే ఉంటే తేడా వచ్చినప్పుడు కదిలింది ఏదో తేలదు. మూడూ కట్ట దిగువన, కట్టకు బాగా ఎడంగా ఉండాలి. నీటి బరువుకు చెరువు చుట్టుపక్కల నేల కూడా కొద్దిగా వంగుతుంది.

ఉక్కు మీటరుకు, ఒక డిగ్రీకి సుమారు 0.012 మి.మీ. సాగుతుంది. పైన 3 మీటర్ల పైపు 15 డిగ్రీలు వేడెక్కితే అర మిల్లీమీటరు పోయినట్టే, అందుకే పెట్టెకు నీడ కావాలి. లెవెల్ పని తెల్లవారుజామునే ముగించండి. లెవెల్ నుంచి బ్యాక్‌సైట్ (వెనక నిలబెట్టిన స్కేలు), ఫోర్‌సైట్ (ముందు నిలబెట్టిన స్కేలు) దూరాలు సమానంగా, 40 మీటర్లు దాటకుండా చూడండి.

పాత దిమ్మెను మాత్రం పగలగొట్టకండి. కొత్తవాటితో కలిపి ఏడాది పాటు నెలనెలా లెవెల్ చేస్తే అది ఏ నెలలో ఎంత ఊగుతుందో తెలుస్తుంది. పాత రీడింగుల్లో దేన్ని నమ్మాలో, దేన్ని కొట్టేయాలో అప్పుడు చూసుకోవచ్చు.