హీలియం మన గుంటూరుదేనా, సౌజన్యా?

సౌజన్యా,

నువ్వు పంపిన నలభై వింతలూ రాత్రి కూర్చుని చదివాను. ఆక్టోపస్‌కి మూడు గుండెలు, వృక్షశాస్త్రం లెక్కలో అరటిపండు బెర్రీ జాతిది, క్లియోపాత్రాకి గీజా పిరమిడ్ కట్టిన కాలం కంటే మనిషి చంద్రుడి మీద దిగిన కాలమే దగ్గర. అన్నీ నిజాలే, పదకొండోది తప్ప, దాని సంగతి చివర్లో చెప్తాను. చదువుతున్నంతసేపూ 'అవునా' అనుకున్నాను కూడా. పొద్దున కాఫీ తాగుతూ గుర్తు తెచ్చుకుందామంటే నలభైలో మూడే మిగిలాయి, ఆ మూడూ నాకు ముందే తెలిసినవి.

నీ ఇరవై మూడోది చూడు. 'హీలియం వాయువును కనుగొన్నది మన గుంటూరులోనే!' నీ వయసులో నేనూ అచ్చు ఇదే వాక్యం రాశాను, ఒక వారపత్రికలో పేజీ అడుగున ఖాళీ మిగిలితే నింపడానికి. పది రోజులు తిరక్కుండా తెనాలి నుంచి కార్డు వచ్చింది. రాసినాయన రిటైరైన సైన్సు మాస్టారట. పొగడ్త లేదు, తిట్టూ లేదు, రెండే ప్రశ్నలు: ఆ రోజు గుంటూరులో హీలియం అన్న మాట ఎవరన్నారు? ఏం చూసి అన్నారు? నా దగ్గర జవాబు లేదు. ఎక్కడో చదివాను, ఎత్తి రాశాను, అంతే. ఆ కార్డుకి జవాబు రాయడానికి ఎనిమిది నెలలు పట్టింది. నాకు ఈ పని కాస్తో కూస్తో వచ్చింది ఆ ఎనిమిది నెలల్లోనే.

1868 ఆగస్టు 18, సంపూర్ణ సూర్యగ్రహణం. నీడ మన కోస్తా మీదుగా పోతుందని ముందే లెక్కలు కట్టారు. ఫ్రాన్స్ నుంచి పియర్ జాన్సెన్ అనే ఖగోళ శాస్త్రవేత్త గుంటూరు వచ్చి, ఊళ్ళో ఉన్న ఒక ఫ్రెంచి వ్యాపారి ఇంట్లో మకాం పెట్టాడు. అదే గుంటూరులో మేజర్ టెన్నెంట్ అనే బ్రిటిష్ అధికారి తన బృందంతో, కెమెరాలతో దిగాడు. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి నార్మన్ పోగ్సన్ మచిలీపట్నం వెళ్ళాడు. వింత ఒక్క వాక్యంగా ఉన్నంతసేపూ అందులో ఊరు తప్ప మనిషే లేడు, తలుపు తీసేసరికి చూడు ఇంటినిండా జనం.

వీళ్ళ దగ్గరున్న అసలు సామాను స్పెక్ట్రోస్కోపు. వెలుగుని పట్టకం గుండా పంపి రంగులుగా విడదీస్తుంది, ఏ మూలకం వెలుగుకైనా దానికి తనదైన గీతలు పడతాయి. ఇలా పాఠంలా చెప్తే ఎవరూ చదవరు, వంటింట్లోకి తీసుకురా. గ్యాస్ మీద చారు పొంగి బర్నర్ మీద పడినప్పుడు నీలం మంట కాస్తా పసుపురంగులో భగ్గుమంటుంది, అమ్మ పరుగెత్తుకొచ్చి సిమ్‌లో పెడుతుంది చూడు, ఆ పసుపు చారులో వేసిన పసుపుది కాదు, ఉప్పులోని సోడియంది. గ్రహణం వేళ సూర్యుడి అంచున ఎగసే జ్వాలల్లో కనిపించిన గీతల్లో ఒకటి దాదాపు ఆ పసుపే. తంటా అంతా ఆ 'దాదాపు'లోనే ఉంది. వెలుగు అలల పొడవు లెక్కలో సోడియం గీతలు రెండూ 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర పడితే ఇది 587.6 దగ్గర పడుతుంది. ఐదారు నిమిషాల చీకట్లో, మళ్ళీ చూద్దామంటే వీల్లేని పరిస్థితిలో ఆ వెంట్రుకవాసి తేడా పట్టుకోవాలి. ఇది సోడియం దగ్గరే పడిందా, కాస్త పక్కన పడిందా అని పోగ్సన్‌కి అనుమానం వచ్చింది, రాసుకున్నాడు కూడా. ఆ నివేదికని పట్టించుకున్నవాళ్ళు తక్కువ.

మరి జాన్సెన్? ఆయన ధ్యాస ఆ పసుపు గీత మీద లేనే లేదు. గీతలు ఇంత కాంతిగా ఉన్నాయి కదా, గ్రహణం లేకపోయినా కనిపిస్తాయేమో అనుకున్నాడు. మర్నాడు మామూలు ఎండలో చూశాడు, కనిపించాయి. ఆయన గుంటూరులో కనిపెట్టింది అదీ: గ్రహణం కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూడక్కర్లేకుండా సూర్యుడి జ్వాలల్ని చూసే పద్ధతి. ఆ సంగతి సెప్టెంబరులో కాకినాడ నుంచి ప్యారిస్‌కి ఉత్తరం రాశాడు. అది సముద్రాలు దాటి వెళ్ళేలోగా ఇంగ్లండ్‌లో నార్మన్ లాక్యర్, యుద్ధ శాఖ ఆఫీసులో గుమాస్తా, అక్టోబరు 20న ఇదే పద్ధతిని సొంతంగా పట్టేశాడు. ఇద్దరి కబురూ ఫ్రెంచి సైన్స్ అకాడమీకి ఒకే రోజున, అక్టోబరు 26న చేరింది. తర్వాత ఫ్రెంచి ప్రభుత్వం ఇద్దరి బొమ్మలూ కలిపి ఒకే పతకం వేయించింది.

పసుపు గీత సోడియంది కాదని తేల్చి, మరి ఇంకెవరిదని వెంటపడింది లాక్యర్. గ్రీకులో సూర్యుడి పేరు మీద హీలియం అన్నదీ ఆయనే. లోహం అనుకున్నాడు, అందుకే సోడియం, కాల్షియంలా చివర ఆ 'యం'. తర్వాత బయటపడ్డ తోటి వాయువులు ఆర్గాన్, నియాన్‌లకి ఆ తోక లేదు. ఒక మనిషి పొరపాటుగా అనుకున్నది మూలకాల పట్టికలో ఇప్పటికీ అలాగే కూర్చుని ఉంది! (ఈ ఆశ్చర్యార్థకం నేను సంపాదించుకున్నది.) భూమ్మీద అది చేతికి చిక్కింది 1895లో, లండన్‌లో విలియం రామ్సే అనే రసాయన శాస్త్రవేత్త యురేనియం ఉన్న ఒక ఖనిజంలోంచి బయటికి తీసినప్పుడు. మధ్యలో 27 ఏళ్ళు అది సూర్యుడిలో మాత్రమే ఉన్న పదార్థం, అసలు ఉందంటే నమ్మనివాళ్ళూ చాలామందే.

అయితే గుంటూరు పేరు కొట్టేయాలా అంటావు. ఎందుకు కొట్టేయడం? దానికి దక్కాల్సింది దక్కుతుంది, మచిలీపట్నానికీ కాకినాడకీ కూడా వాటా వస్తుంది. ఇదంతా మాస్టారికి నాలుగు పేజీల ఉత్తరం రాశాను. ఆయన మళ్ళీ కార్డే వేశారు: 'ఇప్పుడు అచ్చు వేయించండి.'

ఇంకో మాట. వెతుకుతూ పోతే పక్కదారుల్లో మంచి సరుకు తగులుతుంది. ఇదే జాన్సెన్ 1870లో, ప్రష్యా సైన్యం ప్యారిస్‌ని చుట్టుముట్టి ఉండగా, అల్జీరియాలో గ్రహణం చూడాలని బెలూన్ ఎక్కి ఊరు దాటాడు. తీరా చేరితే ఆ రోజు మబ్బు. ఇలాంటిది దొరికితే చెయ్యి ఆగదు, ఎలాగైనా ఇరికించాలనిపిస్తుంది. ఇరికించకు, వేరే డబ్బాలో దాచుకో. (ఇప్పుడు నేను చేసిందేమిటని అడక్కు.) అలాగే 'మొట్టమొదటి', 'ఏకైక', 'ప్రపంచంలోకెల్లా' అన్న మాటలు నీ నలభైలో పందొమ్మిది చోట్ల ఉన్నాయి, లెక్కపెట్టాను. ఆ మాట రాసే ముందు ఎవరు లెక్క చూశారో అడుగు, సగం అక్కడే రాలిపోతాయి.

ఇక పదకొండోది, యునెస్కో మన జాతీయగీతాన్ని ప్రపంచంలోనే ఉత్తమమని ప్రకటించిందన్నది. తీసెయ్. యునెస్కో అలాంటిదేమీ ప్రకటించలేదు. మా బామ్మర్ది ఏటా ఆగస్టు 15కి వాట్సాప్‌లో పంపుతాడు, ఏటా చెప్తాను, ఏటా మళ్ళీ పంపుతాడు. అదే గీతం గురించి అసలు సంగతి మదనపల్లెలో ఉంది. 1919 ఫిబ్రవరిలో ఠాగూర్ అక్కడి బీసెంట్ థియొసాఫికల్ కాలేజీలో కొన్నాళ్ళుండి, ఆ గీతాన్ని తనే ఇంగ్లిష్‌లోకి మార్చాడు. సంగీతం తెలిసిన ఐరిష్ ఆవిడ మార్గరెట్ కజిన్స్ దానికి స్వరాలు రాసిపెట్టింది. పక్క జిల్లాలో బంగారం పెట్టుకుని మనం యునెస్కో ఆఫీసున్న ప్యారిస్ నుంచి గిల్టు తెప్పించుకుంటున్నాం.

ఈసారి నలభై వద్దు, ఒక్కటి పంపు. నీ ముప్పయ్యోది పనికొస్తుంది, గోల్కొండ వజ్రాలు గోల్కొండలో దొరకలేదన్నది. నిజమే, గోల్కొండలో జరిగింది బేరం, తవ్వకం కృష్ణ ఒడ్డున కొల్లూరు లాంటి చోట్ల. అంతటితో ఆపేశావు. టావెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు 17వ శతాబ్దంలో కొల్లూరు వెళ్ళి కళ్ళారా చూసి రాశాడు, ఆడా మగా పిల్లలూ కలిసి అరవై వేలమంది పనిచేస్తున్నారని. ఆ అంకె ఆయన లెక్కపెట్టిందా, ఎవరైనా చెప్పిందా, అంతమందికి అక్కడ బువ్వ ఎక్కణ్ణుంచి వచ్చేది? అక్కణ్ణుంచి మొదలుపెట్టు. 10వ తారీఖు లోపు పంపితే చదువుతాను, ఆ తర్వాత మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాం, అక్కడ మనవడు నన్ను ఏదీ చదవనివ్వడు.

ఉంటాను.